నేను మార్చిన ద

ముప్పై ఏండ్లు దాటింది, నేనొక అక్షరాన్ని మోస్తా ఉండా. నవ్వొద్దు. అక్షరానికి బరువేందని నువ్వడగొచ్చు. నేనూ చాన్నాళ్ళు అట్టనే అనుకుంటిని. అనుకుని అనుకుని, పోయిన నెల మా ఊరికి పోయొచ్చినాక ఇంక అనుకోను చేతకాలేదు.

నువ్వెవరో నాకు తెలీదు. అదే మేలు. నీకు తెలుగు చదవను వస్తుంది, అంతే చాలు. మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం, ఒక్కరికీ చదవను రాదు. ఈ కాగితం మా ఆయన కండ్లబడినా, నా కూతురి చేతికి చిక్కినా, వాండ్లకు ఇవి ఉట్టి వంకర గీతలు. మదురైలో బీఎడ్ చదివేటప్పుడు హాస్టల్లో నా పక్క మంచం పిల్లది చిత్తూరు. దాని దగ్గర ఈ అక్షరాలు నేర్చుకుంటిని. ఇప్పుడు నేను విరుదునగర్‌లో తమిళ టీచర్ని. తమిళంలో రాస్తే ఇంతకంటే ఎంతో బాగా రాస్తాను. అయితే నేను చేసిన తప్పును తమిళంలో రాయను వీలుకాదు. ఆ లిపిలో అది కనపడదు. ఎందుకో చెప్తాను.

పెద్దమ్మ గురించి ముందు చెప్పాల. మా అమ్మకు అక్క. పేరు రాయను, ఆమె పేరును ఇంకోసారి నా నోట ఎక్కడా చెడగొట్టను ఇష్టం లేదు. మొగుడు పోయినాక మా ఇంటికే వచ్చేసింది. పిల్లల్లేరు. మా అమ్మ పొద్దు పొడవంగానే పత్తి చేనికి పోతే, నాకు తల దువ్వి, కూడు కట్టి పంపింది ఈమె. మా ఊరు కోవిల్‌పట్టికి బస్సులో ముక్కాలు గంట. నల్లరేగడి, ఊరంతా తెలుగే. ఆమె పుట్టిన ఊరూ అంతే. తమిళం వింటే నాలుగు మాటలు అర్థమయ్యేవి, మాట్లాడబోతే నోరు తిరిగేది కాదు.

ఆమె దగ్గరుండే మాటల్లో అన్నిటికంటే పెద్దది దండం.

ఊరికే అనేది కాదు సుమా. చుట్టాలొస్తే 'వస్తిరా, కూసోండి' అనేది, అంతే. ఊరి పెద్దాయన ఎదురొస్తే కొంగు సర్దుకుని ఓరగా నిలబడేది, అంతే. దండానికి వేరే పద్ధతి. చెప్పులు విడిచేది. కొంగు భుజం మీదుగా ముందుకు లాగి నడుముకు దోపుకునేది. రెండు చేతులూ కలిపి నుదుటి దాకా ఎత్తి, ఒక్క క్షణం ఆగేది. ఆ ఆగేది నాకు బాగా గుర్తు. అప్పుడు 'దండం' అనేది. మెల్లగా, ఆ ద ను నాలిక మీద అదిమి పెట్టి.

మా తమ్ముడికి జ్వరమొచ్చి కండ్లు తేలేస్తే రాత్రీ పగలూ కూర్చుని కాపాడిన నర్సమ్మకు అట్ట దండం పెట్టింది. తొలివాన పడినాక చేన్లోకి పోయి, చిటికెడు మట్టి కండ్లకద్దుకుని దండమనేది. ఇంకోటి చెప్పల్నా? నేను మొట్టమొదట పలక మీద నాలుగు అక్షరాలు రాసి చూపిస్తే, ఆమెకు అవి ఏం అక్షరాలో కూడా తెలీదు, చెప్పులు విడిచి నా పలకకు దండం పెట్టింది. 'సదువు పాపా, ఇది సదువు' అనింది. నేను పడీపడీ నవ్వితిని.

ఆ పెద్దమ్మకు, నేను కోవిల్‌పట్టి అంచులో ఉండే ఒక బళ్ళో పదో తరగతి చదివేటప్పుడు, అదే బళ్ళో వంట పని దొరికింది. సత్తుణవు అంటాం, మధ్యాహ్నం పిల్లలకు పెట్టే సర్కారు భోజనం. అసలు వంటమ్మకు తోడుగా, తాత్కాలికంగా. ఆమె సంబరం చూడాల! దినమూ నాతో బస్సెక్కి, నాతో దిగేది. అంత మంది పిల్లలకు వడ్డించేది. నాకు పుట్టని బిడ్డలందరూ నా చేతి కూడు తింటా ఉండారు అనేది. అదేం మాటో, నవ్వొచ్చేది.

నాకు మాత్రం సిగ్గు.

రాసేసినా. ఇది రాయనే ఇంత దూరం తిరిగొచ్చినా. సిగ్గు. నా సావాసగత్తెలు ముగ్గురూ టౌను పిల్లలు. ఆమె మా పెద్దమ్మ అని వాండ్లకు చెప్పలేదు. మా ఊరామె అంటిని. ఆమె ఊరుకుంటుందా? మైదానానికి ఆ పక్కనుంచి ఈ పక్కకు 'పాపా! నీళ్ళు తాగితివా?' అని తెలుగులో అరిచేది. గుడ్డు పెట్టే దినం నా అన్నం కింద ఇంకో గుడ్డు దాచి పెట్టేది. ఒక దినం అది బయటపడె. 'ఊరామె అంటివే, ఊరామె నీకు మాత్రం రెండు గుడ్లు పెడతాదా?' అని ముగ్గురూ నన్ను ఏడిపించి, ఆమె మాదిరి కొంగు దోపుకుని 'పాపా, పాపా' అని వెంటపడిరి. ఆ సాయంత్రం బస్సులో నేను ఆమె పక్కన కూర్చోలేదు. ఈమె ఈ బళ్ళో లేకుంటే ఎంత బాగుండు అనుకుంటిని. బాగా గుర్తుంది, కిటికీ కమ్మీ పట్టుకుని, ఇదే మాట అనుకుంటిని.

మరుసటి వారం కొత్త హెడ్‌మాస్టరు వచ్చినాడు. తంజావూరు పక్క మనిషి. మా పక్క వాండ్లయితే తమిళోళ్ళకు కూడా నాలుగు తెలుగు ముక్కలు తెలుసు, ఈయనకు ఒక్కటీ తెలీదు. ముందున్న బళ్ళో పనికిరాడని ఇక్కడికి తోలినారని, ఆయన రాకముందే ఆ మాట వచ్చేసింది. నిజమో అబద్ధమో. పిల్లలకు కూడా తెలిసిందంటే ఆయనకు తెలీకుండా ఉంటుందా?

నేను హాజరు పట్టీ ఎత్తుకుని ఆయన గది ముందర నిలబడి ఉండా. నా వెనకాల నా సావాసగత్తెలు. అప్పుడు వచ్చింది పెద్దమ్మ. చేతులు కడుక్కుని, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటా వచ్చింది. వాకిట్లో చెప్పులు విడిచింది. కొంగు దోపుకునింది. వద్దు పెద్దమ్మా, ఈడ వద్దు, అనుకుంటిని లోపల. ఆమెకు ఆయన హెడ్‌మాస్టరు కాదు. నా పలక మీద అక్షరాలన్నిటికీ యజమాని. చేతులు నుదుటికెత్తి, ఆగి, 'దండమయ్యా' అనింది.

ఆయన మొహం చిట్లించి నా పక్క తిరిగినాడు. "ఎన్న సొల్లుదు ఇంద అమ్మా?" ఈమె ఏమంటా ఉంది, అని.

వణక్కం చెప్తా ఉంది సార్. అంతే చెప్పాల. నాలుగు మాటలు. నోటి దాకా వచ్చినాయి కూడా. వెనకాల ఎవురో కిసుక్కుమనింది. నేను, మొహంలో నవ్వు అణుచుకుంటా, "తండం అంటా ఉంది సార్" అంటిని.

చూస్తివా? ద కాదు. త.

తమిళంలో తండమంటే దండగ. ఎందుకూ పనికిరాని మనిషి. ఊరికే కూర్చుని తినేవాణ్ణి తిట్టే తిట్టు. తమిళ లిపిలో త కూ ద కూ ఒకటే అక్షరం, కాబట్టి ఈ కత తమిళంలో రాస్తే పెద్దమ్మ అనిన మాటా నేను అనిన మాటా ఒకే మాదిరి ఉంటాయి. నేను అబద్ధమే ఆడలేదనిపిస్తుంది. ఆమె అనిందే నేనూ అనినట్టు. చాన్నాళ్ళు నేను దాని వెనకాలే దాక్కుని ఉంటిని. తెలుగులో దాక్కునేదానికి చోటు లేదు. ఇది ద, అది త.

ఆయన మొహం నల్లబడె. "ఎవర్ని చూసి తండం అంటావు?" అని తమిళంలో అరిచినాడు. పెద్దమ్మకు ఆ అరుపు అర్థమాయె, కారణం అర్థం కాలేదు. పెద్దాయనకు కోపమొచ్చింది, నా మర్యాద చాల్లేదేమో అనుకునింది పాపం. ఇంకా వంగింది. "దండమయ్యా, దండం, దండం" అనింది. ఆమె ఎంత వంగితే ఆయనకు అంత మంట. ఆమెకు తెలిసిన సమాధానం అదొక్కటే. అదే తప్పాయె. నేలకు చేయి ఆనించి కండ్లకద్దుకునింది కూడా. అది చూసైనా ఆయనకు తెలియొద్దా? ఆ మాట మాత్రం నేను అనగూడదు. ఆయన్ను నేను తప్పు దోవలో పెడితిని, దోవలో పోయినవాణ్ణి ఏమనను?

మధ్యలో ఒకసారి పెద్దమ్మ తల తిప్పి నా పక్క చూసింది. పాపకు రెండు బాసలూ వచ్చు, పాప చెప్తుంది, అన్నట్టు.

నేను హాజరు పట్టీలోకి చూస్తిని.

ఆ వారమే ఆమెను నిలిపేసినారు. పెద్దలంటే గౌరవం లేని మనిషి అని ఆయన చెప్పినాడంట. మా పెద్దమ్మకు! గౌరవం లేదంట!

ఇంతటితో అయిపోయుంటే చిన్నపిల్ల, నోరు జారింది అని నువ్వు కూడా అనొచ్చు. అయిపోలేదు. ఆ దినం ఇంటికొచ్చినాక పెద్దమ్మ పొయ్యి కాడ కూర్చుని అడిగింది.

"ఆయనకు కోపమెందుకొచ్చె పాపా? నేను దండమే గదా పెడితిని?"

"తమిళోళ్ళకు ఆ మాట తిట్టు పెద్దమ్మా. అట్ట అనగూడదు."

"అయ్యో రామా! అంత సదువుకున్న పెద్దాయన్ని నేను తిడితినా?" రెండు చెంపలూ వేసుకునింది. గట్టిగా, చప్పుడొచ్చేటట్టు. "నాకు తెలీదే పాపా. పద, రేపు పోయి కాళ్ళు పట్టుకుంటాను. నువ్వే చెప్పు ఆయనకు, మా పెద్దమ్మకు బాస తెలీదని."

"వద్దు వద్దు, పోతే ఇంకా కోపమొస్తుంది" అంటిని.

ఎందుకు వద్దంటిని? ఆమెను కాపాడనా? పోతే నా గుట్టు బయటపడుతుందని. బళ్ళో చేసింది సిగ్గుతో చేసినా. పొయ్యి కాడ చేసింది తెలిసి, ఆలోచించి చేసినా. మొదటిది ఒక్క అక్షరం. రెండోది పూర్తిగా కత అల్లి ఆమె నెత్తిన పెడితిని. నా తప్పును ఆమెకిచ్చేసి, ఆమె చెంపలు వేసుకుంటా ఉంటే చూస్తా కూర్చుంటిని.

పొయ్యిలో పుల్ల ఎగదోసి, "అయితే ఏమనాల పాపా? నేర్పు" అనింది.

వణక్కం అని నేర్పితిని. ణ పలకదు ఆమెకు. 'వనక్కం, వనక్కం' అని గిన్నెలు తోముతా, చీపురు పట్టుకుని, బడిపిల్ల మాదిరి చెప్పుకునేది. ఆ తర్వాత ఆమె నోట నేను దండం వినలేదు. నర్సమ్మ మా వీధిలో వస్తే 'వనక్కం' అనేది. తొలివానకు చేన్లో మట్టి కండ్లకద్దుకుని ఊరికే నిలబడేది. ఇంట్లో సామి పటం ముందర కూడా చేతులెత్తి, ఆగి, ఆగినట్టే ఉండి, చేతులు దించేసేది. ఒకసారి అడిగితిని, ఏం పెద్దమ్మా సామికి కూడా చెప్పవా అని. "ఏ మాట ఎవురికి తిట్టో మనకేం తెలుసు పాపా" అనింది.

వంట పని పోయినాక ఇంటి వాకిట్లో అగ్గిపెట్టెలకు పుల్లలు నింపే పని చేసింది, వేళ్ళకు మందు వాసన పట్టేదాకా. నాకు తల దువ్వేది మానలేదు. అన్నం కింద గుడ్డు దాచేదీ మానలేదు.

హాస్టల్లో చిత్తూరు పిల్లను ఒకసారి అడిగితిని, మీ పక్క దండం అంటారా అని. 'ఓ, అంటాం! విసుగొస్తే నీకో దండంరా నాయనా, నన్నొదిలెయ్ అంటాం' అని నవ్వింది. ఆ మాట విని నాకు కొంచెం తేలికాయె, నిజం చెప్తా ఉండా. ఆడ కూడా మాట పల్చనైపోయిందిలే, పెద్దదేం కాదులే, అనుకుంటిని. ఎట్టెట్ట వెతుక్కుంటాం చూడు సాకులు! తర్వాత తమిళ టీచరైనాక ఒక దినం పిల్లలకు పాఠం కోసం తమిళ నిఘంటువు తీస్తే, తండం కింద దండగ ఉండాది, జరిమానా ఉండాది, ఇంకొంచెం కింద తండనిడుతల్ అని ఉండాది. కర్ర పడినట్టు నేల మీద పడి మొక్కేది. తమిళంలోనూ ఉండాది! గుళ్ళూ మొక్కులూ ఎరిగిన తంజావూరు మనిషి, అది మొక్కు సార్ అని నేను ఒక్క మాట అంటే చాలు, ఆయనకే తట్టుండేది. తమిళం తప్పు కాదు, తెలుగు తప్పు కాదు. పుస్తకం మూసేసి, ఆ దినం పాఠం చెప్పకుండా పిల్లల్ని ఊరికే రాసుకోమంటిని.

అయినా పెద్దమ్మకు చెప్పలేదు. పెండ్లయింది, విరుదునగర్ వచ్చేస్తిని, కూతురు పుట్టె. పొంగలికి పోయినప్పుడూ, పెండ్లిళ్ళకు పోయినప్పుడూ ఈసారి చెప్పాల అనుకుంటిని. ఎందుకు చెప్పలేదు? ఆమె తిడుతుందనా? తిట్టదు, అదే భయం. 'పోనీలే పాపా' అంటుంది. ఆ పోనీలే నాకు దక్కగూడదని నేనే నన్ను శిక్షించుకుంటా ఉండా అని కొన్నాళ్ళు గొప్పగా అనుకుంటిని. అదీ అబద్ధమే. ఆమె కండ్లల్లో నేను మంచి పాపగా ఉండిపోవాల, అంతే.

ఇప్పుడు ఆమె ఊళ్ళో మా తమ్ముడి దగ్గర ఉండాది. మతి తప్పింది. పోయిన నెల తమ్ముడు ఫోన్ చేసి, పెద్దమ్మకు తెలిసిన కాస్త తమిళమూ పోయిందక్కా, నువ్వొచ్చి చూసిపో అనినాడు. శనివారం బడి ఒంటిపూట ముగించుకుని, అట్టనే బస్సెక్కితిని. చేతి సంచీ, కండ్లద్దాలు, మెడలో బడి గుర్తింపు కార్డు, అది తీసేది కూడా మరిచిపోతిని.

వాకిట్లో మక్కజొన్నలు ఆరబోసుంటే పక్కన మంచం మీద కూర్చునుండె. నన్ను చూసి లేవబోయింది. తమ్ముడి పెండ్లాం పట్టుకోబోతే వదిలించుకుని లేచింది. కాళ్ళకు చెప్పుల్లేవు, అయినా కాళ్ళు కదిపి విడిచినట్టు చేసింది. కొంగు వెతుక్కుని భుజం మీదుగా లాగి దోపుకునింది. నాకు అర్థమాయె. పారిపోదామనిపించె.

చేతులు నుదుటికెత్తి, ఆగి, "దండమమ్మా" అనింది.

ఆ ద చెక్కు చెదరలేదు.

"పెద్దమ్మా, నేను పాపను" అంటిని.

"పాప బడికి పోయిండాది. సాయంత్రం బస్సుకు వస్తుంది." నా మెడలో కార్డును చూసి గొంతు తగ్గించింది. "నేను అయ్యను తిట్టలేదు తల్లీ. దండమే పెడితిని. మా పాప ఆడనే ఉండె. దానికి రెండు బాసలూ వచ్చు. అది వస్తానే అడగండి, అది చెప్తుంది."

అంటే ఇన్నేండ్లూ? చెంపలు వేసుకునింది, వణక్కం నేర్చుకునింది, నా మాట నమ్మింది. ఆ నమ్మకమంతా పోయి, అడుగున ఇది మిగిలుండాది. పాప చెప్తుంది. ఆమెకు నిజం తెలిసే నన్ను కాపాడిందా, తెలీకనే నా కోసం కాచుకుని ఉండాదా? నాకు ఏది ఎక్కువ నొప్పో నేను చెప్పలేను.

ఆమె కాళ్ళ మీద పడితిని. "అయ్యయ్యో, మీరు పెద్దోళ్ళు" అని కాళ్ళు వెనక్కి లాక్కునింది. అట్టనే నేల మీద కూర్చుని మొత్తం చెప్తిని, త తో సహా. ఎవురో తెలియని ఆమె ఎవురి గోడో చెప్పుకుంటా ఉన్నట్టు తలాడించి వినింది. అయినాక, "అన్నం తినేసి పోండమ్మా, ఎండలో వచ్చుండారు" అనింది. క్షమించలేదు. క్షమించను ఆమెకు నేనెవరో తెలియాల గదా. సాయంత్రం బస్సుకు నేను తిరిగొచ్చేస్తిని. ఆమె అదే బస్సు పక్క చూస్తా ఉండె, పాప దిగుతుందని.

అందుకే రాస్తా ఉండా. ఆ హెడ్‌మాస్టరు ఇప్పుడు ఉండాడో లేడో తెలీదు. ఉన్నా తెలుగు చదవలేడు. అయినా ఆ గది ముందర అడిగిన ప్రశ్నకు జవాబు ఇంకా బాకీ ఉండాది, ఆ జవాబు చెప్పాల్సింది నేనే అని పెద్దమ్మ ఇప్పటికీ అందరికీ చెప్తా ఉండాది. ఇది రాస్తే తప్పు మాసిపోదు. ఊపిరి మాత్రం ఆడుతా ఉంది.

సార్, ఈమె మా పెద్దమ్మ. మా ఊరామె కాదు, మా పెద్దమ్మ. ఆమె మిమ్మల్ని చూసి దండం అనింది. ద, సార్. దండం. ఆమె దగ్గర అంతకంటే పెద్ద మాట లేదు.